అటక మీది చిన్న ఫాదర్లు

'చిన్న ఫాదరు' అనే రాసుకో అమ్మడూ, అలాగే పిలిచేవాళ్ళు. చర్చిలో పెద్ద ఫాదరు చేతికింద ఉండే ఆయన్ని అలా అంటారు కదా. డబ్లిన్‌లో తాగడానికి వచ్చేవాళ్ళు బారులో గ్లాసులు నింపేవాణ్ణి కూడా అదే పేరుతో పిలిచేవాళ్ళు. నల్ల అంగీకి బదులు తెల్ల ఏప్రన్, అంతే తేడా. ఈ కథలో మాలకీ నీ ముత్తాతే. అయినా పేరుపెట్టే చెబుతాను. అప్పటికి అతను ఎవరికీ తండ్రి కాలేదు. అవుతాననే ఆశ కూడా లేదు.

మాలకీ పనిచేసే క్రోటీ గారి కొట్టులో ముందు టీ పొడి, చక్కెర అమ్మేవాళ్ళు. వెనక బారు. పనివాళ్ళు అటక మీద పడుకునేవాళ్ళు. బంగాళాదుంపలు, క్యాబేజీ, ఆదివారం ఇంత పంది మాంసం యజమాని వంటింట్లోంచే వచ్చేవి. సొంతూరు కావన్‌లో మాలకీ తల్లి, కొడుక్కి తిండీ పడకా దొరికాయని ఊరంతా చెప్పుకుంది. కొట్టు కట్టేశాక క్రోటీ లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి తన తలగడ కింద పెట్టుకుంటాడన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

అటక మీద మాలకీకి తోడు బార్టీ. తల నెరిసినవాడు. పెళ్ళి లేదు. క్రోటీ అతన్ని ఇంకా "అబ్బాయ్" అనే పిలిచేవాడు.

మాలకీ ఒక పిల్లని ఇష్టపడ్డాడు. పేరు డెలియా. పక్క వీధిలో బట్టల కొట్టులో పని, ఆ కొట్టు మీదే పడక. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరికీ బయటికి సెలవు. వాన పడితే చర్చి వసారా, పడకపోతే కాలవ గట్టు. కూర్చోవడానికి తమదంటూ చోటు లేదు కనుక వాళ్ళ ప్రేమంతా నిలబడే సాగింది.

"ఏం చిన్న ఫాదరూ, నిన్న కాలవ గట్టున ఎవరిచేతో పాపాలు ఒప్పిస్తున్నావట" అనేవాడు బండి తోలే గిల్సెనన్. "పెద్ద ఫాదరుకీ పెళ్ళి లేదు, నీకూ లేదు. మరి స్వర్గమన్నా ఇస్తారా లేదా?"

బారంతా నవ్వేది. మాలకీ కూడా నవ్వేవాడు. ఒకనాడు నవ్వు రాలేదు. ఆ రోజే క్రోటీని అడిగాడు.

"పెళ్ళా? చేసుకో. నేనెందుకు అడ్డం?" అన్నాడు క్రోటీ. "కాకపోతే మంచం ఒక్కడికే."

"బయట గది తీసుకుంటానండీ. నా తిండికయ్యేది చేతికిస్తే..."

"బయట కాపురం పెట్టినవాడి జేబులో రోజూ నా టీ పొడి నడిచిపోతుంది. నేను చూడని లోకమా? నిన్ను కొడుకులా చూశాను మాలకీ. నా నోటితో చెడ్డ మాట చెప్పించుకోకు."

ఆ చివరి మాటలోనే ఉంది ఉరి. పాత యజమాని మంచివాడని చెప్పకపోతే ఇంకో కొట్టువాడు గడప తొక్కనివ్వడు. ఉండలేడు, పోలేడు.

డెలియాతో ఆ సంగతి చెబితే ఆమె అంది, "మా కొట్టు అమ్మాయిలు కార్మిక సంఘంలో చేరారు. మీ బారువాళ్ళదీ ఉందటగా."

"ఆయన ఉప్పు తింటున్నాను డెలియా."

"ఊరికే పెట్టాడా? తెల్లారిన దగ్గర్నుంచీ కాళ్ళు వాచేదాకా నిలబడుతున్నావు. ఉప్పు నీదే. గిన్నె ఒక్కటే ఆయనది. ఏటా 'వచ్చే ఏడు' అంటావు. నాకు అరవై వచ్చాక ఏ వచ్చే ఏడు చేసుకుంటావు?"

మాలకీ చేరాడు. బయట ఉంటామన్నవాళ్ళని ఉండనివ్వాలి, తిండికయ్యేది జీతంలో కలపాలి, అని సంఘం అడిగింది. యజమానులు కుదరదన్నారు. సమ్మె పడింది.

ఆ పొద్దున రేకు పెట్టె సర్దుకుని మాలకీ అన్నాడు, "లే బార్టీ. అందరూ బయటే ఉన్నారు."

బార్టీ మంచం మీంచి లేవలేదు. "ఉంటార్లే. పొద్దుగూకాక ఎటు పోతారు?"

"సంఘంవాళ్ళు చోటు చూస్తారు."

"ఒకటి చెప్తా, నవ్వకు. ఇన్నేళ్ళొచ్చినా తాళంచెవి పెట్టి తలుపు తీసి ఎరగన్రా నేను. ఏ తలుపూ నాది కాలేదు. నన్ను లాక్కెళ్ళి వీధిలో నిలబెడితే ఎటు తిరగాలో కూడా తెలీదు."

మాలకీ నవ్వలేదు. ఆ నెరిసిన తల తనదేననిపించింది. క్రోటీ ఇతన్ని ఏనాడూ కొట్టలేదు. గట్టిగా తిట్టనుకూడా లేదు. వేళకి తిండి పెట్టి, "అబ్బాయ్" అని పిలుస్తూనే మనిషిని ఇలా చేశాడు.

కింద క్రోటీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఆ గడప దాటితే మంచం పోయినట్టే."

"చూశారా, పని పోతుందనలేదు మీరు. మంచం పోతుందన్నారు. అందుకేనండీ దాటుతున్నాను" అన్నాడు మాలకీ.

సమ్మెవాళ్ళు వానలో, చలిలో గుమ్మం ఎదుట నిలబడ్డారు. గిల్సెనన్ బండి ఆపి తలుపు దాకా వచ్చి, "చిన్న ఫాదర్లు లేని చర్చిలో నాకేం పని" అని వాళ్ళ పక్కనే నిలబడ్డాడు. కిటికీ అద్దంలోంచి బార్టీ కనిపించేవాడు, ఖాళీ బారులో గ్లాసులు తుడుస్తూ.

చలికాలం పోయేసరికి యజమానులు దిగొచ్చారు. మాలకీ, డెలియా ఒక గది తీసుకున్నారు, పెళ్ళి చేసుకున్నారు. బార్టీకి కూడా సంఘం గది చూసిపెట్టింది. కొన్నాళ్ళున్నాడు. నిద్ర పట్టడం లేదని మళ్ళీ అటకెక్కాడు. పీపా ఎత్తే బలం పోయిన రోజున క్రోటీ ఆ మంచం కొత్తవాడికిచ్చాడు. బార్టీ దిక్కులేని ముసలివాళ్ళ ఆశ్రమంలో పోయాడు. బతికున్నన్నాళ్ళూ అక్కడికి మాలకీ వెళ్ళి చూసొచ్చేవాడు. కొడుకులా చూశానన్నవాడు వెళ్ళలేదు.

ఇక చాల్లే అమ్మడూ. దీన్ని మీ అన్న డెక్లన్‌కి ఫోన్లో చదివి వినిపించు. కార్క్‌లో ఏదో హోటల్ బారులో పని దొరికిందనీ, పైన గది ఊరికే ఇస్తున్నారనీ, అదృష్టమనీ మీ అమ్మతో అన్నాడట. నిదానంగా చదువు, వాడు తొందరమనిషి. ఆ గదిలో పెట్టె దించేముందే సంఘంలో చేరమను. పనిచ్చే చెయ్యీ పడకిచ్చే చెయ్యీ ఒకటే అయినచోట, మనిషికి కాదనే నోరుండదని తాత చెప్పమన్నాడని చెప్పు.