పడవలో ముందు సీటు

మా ఇంట్లో తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనుషులు ఇద్దరున్నారు. ఒకరు మా అక్క, రెండోది నేను. ఆ కుందేటికి కాళ్ళెన్నో లెక్కపెట్టడం బావ ఎప్పుడో మానేశాడు. ముప్పై రెండేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. వెనక ఎంత గొడవ జరుగుతున్నా రోడ్డు మీది చూపు మరల్చకూడదని ఆయనకు ఉద్యోగమే నేర్పింది.

ఆ ఆదివారం పొద్దున వంటింట్లో గొడవ నా కళ్ళ గురించి.

నేను కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తాను. చలికాలం చివర్లో ఒకరోజు కత్తెర మోచేతి పక్కనే పెట్టుకుని షాపంతా వెతికాను. తర్వాత గుండుసూదుల డబ్బా రెండుసార్లు తన్నేశాను. మూడోసారి మా ఓనరమ్మ కింద కూర్చుని నాతోపాటు సూదులు ఏరి, ఏమీ అనకుండా సెలవిచ్చి డాక్టరు దగ్గరికి పంపింది. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుందనీ, పక్కచూపు పోతోందనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. గొట్టంలోంచి చూస్తున్నట్టన్నమాట. ఆ గొట్టం ఏటేటా సన్నబడుతుందట. సూదిలో దారం ఇప్పటికీ ఒక్క ప్రయత్నంలో ఎక్కిస్తాను. సూదుల డబ్బా మాత్రం చేత్తో తడిమి వెతుక్కోవాలి. భయం లేదని బింకాలు పోను. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని చాలాసార్లే ఏడ్చాను.

కానీ పడవ సంగతి వేరు.

మా ఊళ్ళో పడవల సంఘం ఒకటుంది. ఎండాకాలంలో ఒక ఆదివారం సభ్యులంతా ఆనకట్ట దగ్గర కనూలు నీళ్ళలోకి దింపుతారు. కనూ అంటే రెండు కొసలూ సన్నగా ఉండే తేలిక పడవ, ఒక్కోదాంట్లో ఇద్దరే పడతారు. అక్కణ్ణుంచి రైలు వంతెన దాకా ఏటివాలునే వెళ్తూ, దారిలో ఏ పిట్టలు, ఏ జంతువులు కనపడ్డాయో పడవకొక లిస్టు రాయాలి. దానికి ఒకటే నియమం. పడవలో ఉన్న ఇద్దరూ చూస్తేనే రాయాలి, ఒక్కరు చూసింది లెక్కలోకి రాదు. ముందు కూర్చున్నవాళ్ళది కన్ను, వెనక కూర్చున్నవాళ్ళది చెయ్యి. పందొమ్మిదేళ్ళుగా ముందు సీటు నాది, వెనక సీటు బావది.

"ఈ ఏడాది నువ్వు ఒడ్డునే ఉండవే. రేపు ఏ రాయికో గుద్దుకుంటే ఎవరిది పూచీ?" అంది అక్క, డబ్బాలో రొట్టెలు సర్దుతూ.

"లైఫ్ జాకెట్టుంది. నీళ్ళు నడుం లోతు. వెనక బస్సు డ్రైవరున్నాడు."

"నీ కళ్ళు?"

"నా మొహం మీదే ఉన్నాయి."

అక్క డబ్బా మూత గట్టిగా నొక్కి, బావను వరండాలోకి పిలిచి ఏదో గుసగుసలాడింది. నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

నీళ్ళు ఆ పొద్దున తేటగా ఉన్నాయి. ఆనకట్ట దాటగానే ఎదురుగా రాతి మీద నీటికాకి రెక్కలు ఆరేసుకుని నిలబడి ఉంది. అది ఇద్దరం చూశాం. ఆ తర్వాత లకుముకిపిట్ట ఒకటి మా ముందునుంచే దూసుకుపోయింది. అదీ చూశాం. సీటుకు కట్టిన పుస్తకంలో రెండూ రాసుకుని సంబరపడ్డాను. అసలు చిక్కు తర్వాత మొదలైంది.

"కుడివైపు దుంగ మీద తాబేళ్ళు మూడు. చూశావా?" అన్నాడు బావ.

తల తిప్పాను. తల తిప్పేలోగా పడవ ముందుకు జరిగింది. నాకు దొరికింది ఉత్త దుంగ.

"చూశాను," అన్నాను.

ఒకసారి మొదలుపెడితే అబద్ధం ఆడటం చాలా సులువు. రెల్లులో కొంగ, చూశాను. గట్టు కింద నీరుకట్టె పాము, చూశాను. అడవిబాతు, వెనకే దాని పిల్లలు. ఎన్ని పిల్లలు అన్నాడు, ఏడు అన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి పదకొండయ్యాయి. అందులో నా కళ్ళు నిజంగా చూసినవి నాలుగు.

ఏరు వంపు తిరిగేచోట బావ తెడ్డు వెయ్యడం ఆపాడు.

"ఎడమ గట్టు మీద దుప్పి. నీళ్ళు తాగుతోంది. చూశావా?"

"చూశాను. ఎంత బాగుందో. కొమ్ములు కూడా పెద్దవే."

వెనక తెడ్డు కొసనుంచి నీటి చుక్కలు పడుతున్నాయి.

"అక్కడ దుప్పి లేదే," అన్నాడు బావ. గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది. "మీ అక్క అడగమంది. నువ్వు చూశానంటే సీటు మార్చమంది."

నా చెవులు కాలిపోయాయి. లేని దుప్పికి కొమ్ములు మొలిపించాను, అదీ పెద్ద కొమ్ములు.

"నాకు పరీక్ష పెట్టడానికి నీకు పడవే దొరికిందా బావా?"

"అబద్ధం చెప్పడానికి నీకూ పడవే దొరికింది."

ఏడవడానికి కూడా వీల్లేనంత కోపమొచ్చింది. కోపం బావ మీద కాదు, అక్క మీదా కాదు. ఒక సీటు కోసం నేను ఇంతలేసి అబద్ధాలకు దిగజారానే, దానిమీద. పుస్తకం విప్పి తాబేళ్ళు కొట్టేశాను. కొంగ, పాము, బాతు, ఒక్కోదాని మీద పెన్సిలుతో అడ్డగీత గీస్తూ పోయాను.

"ఎందుకు కొట్టేస్తావు? నేను చూశానుగా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు బావ.

"ఇద్దరూ చూస్తేనే కదా. నాలుగు మిగిలాయి. నాలుగే నాలుగు. ఇప్పుడు విను. నేను సీటు మారను. ఇకనుంచి నువ్వు ఏదన్నా చూస్తే నోటితో చెప్పకు, పడవ తిప్పు. అది నా ముక్కుకు సూటిగా వచ్చేదాకా తిప్పు."

"ఒక్క ప్రయాణికురాలి కోసం బస్సు రూటు మార్చమంటున్నావు."

"మార్చు. టిక్కెట్టు కొన్నాను."

బావ నవ్వాడు. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు. ఆయనకు ఆ పరీక్ష ఎంత బరువుగా ఉందో అప్పుడు తెలిసింది నాకు.

ఆ పైన మా పడవ ఏట్లో అడ్డంగా, నిలువుగా, ఒక్కోసారి వెనక్కి కూడా తిరిగింది. వెనకొచ్చిన పడవలన్నీ మమ్మల్ని దాటిపోయాయి. మందులషాపాయన దాటుతూ, "ఏంటండీ, మీ పడవ గానీ తాగిందా?" అని అడిగాడు. "మీరు పదండి, మాకు పనుంది," అన్నాను. పడవ తిప్పేలోపే సగం జంతువులు పారిపోయాయి. ఒక నత్తగుల్ల కొంగ మాత్రం పారిపోలేదు. గొట్టం మధ్యలోకి వచ్చి నిలబడింది. ముక్కు మధ్యలోని సందు దగ్గర్నుంచి కాలికంటిన బురద దాకా తీరిగ్గా చూశాను. పందొమ్మిదేళ్ళలో నేను ముప్పైలూ నలభైలూ రాశాను గానీ, ఒక్కదాన్ని ఇంతసేపు చూడలేదు.

తర్వాత నాకు ఒక చప్పుడు వినపడింది. ఎవరో పచ్చి దోసకాయ కొరుకుతున్నట్టుంది. చెయ్యెత్తి అటు చూపించాను. బావ పడవ తిప్పాడు. ఒడ్డుమీద ఒరిగిన చెట్టు వేళ్ళ మధ్య, తడిసిన గుండ్రటి తల, మీసాలు. నీటికుక్క.

"చూశావా?" అన్నాను గుసగుసగా.

"ఆఁ, చూశాను."

మరీ తొందరగా వచ్చింది జవాబు.

"ఏం చేస్తోంది?"

"ఈదుతోంది?" అన్నాడు.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే నవ్వొచ్చేది, నవ్వితే అది పోయేది. "పడవ కదపకు. తెల్లరాయి కనపడుతోందా? దానికి జానెడు పైన వేరు వంగింది. ఆ వంపులో చూడు. కదిలేదాన్ని వెతక్కు, అది కదలట్లేదు."

బస్సు నడిపిన కళ్ళు కదిలేవాటినే పట్టుకుంటాయి. మట్టిరంగు వేళ్ళలో మట్టిరంగు జంతువు ఆయనకు ఎంతకీ దొరకలేదు. నేను చెబుతూనే ఉన్నాను, ఆయన లేదంటూనే ఉన్నాడు. చివరికి వెనకనుంచి ఊపిరి పీల్చిన చప్పుడు వచ్చింది.

"చేపను రెండు చేతుల్తో పట్టుకుంది. తలకాయ అయిపోయింది. తోక మిగిలింది," అన్నాడు.

అప్పుడు రాశాను.

వంతెన దగ్గరికి అందరికంటే చివర చేరాం. టెంటు కింద బల్ల వేసుకుని సంఘం సెక్రటరీ లిస్టులు తీసుకుంటున్నాడు. లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయాడు. నియమం దగ్గర అంగుళం వంగడు కాబట్టి ఆయన్ని అందరూ రూళ్ళకర్ర అంటారు. మా కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆరేనా? పోయినేడు ముప్పై నాలుగు రాశారే. ఏట్లో జంతువులు తగ్గాయా?"

"ఏట్లో తగ్గలేదు. నాకు చూపు తగ్గింది. పక్కన అలాగే రాసుకోండి."

నీటికుక్క అప్పటికే ఇంకో నాలుగు లిస్టుల్లో ఉంది. మేమేమీ ఘనకార్యం చెయ్యలేదు. మా కాగితమే అన్నిట్లోకీ పొట్టిది, పైగా అడ్డగీతలతో నిండి ఉంది.

రూళ్ళకర్ర మంచివాడే. కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించి అన్నాడు. "చూడండమ్మా, వచ్చే ఏడాదినుంచి మీరు ఇక్కడ కుర్చీలో కూర్చుని లిస్టులు తీసుకోండి. పెద్దరికంగా ఉంటుంది."

"ముందు సీటుకు ఇంత చూపుండాలని మీ నియమాల్లో ఉందా మాస్టారూ?"

ఆయన ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "లేదు," అన్నాడు.

"అయితే వచ్చే ఏడాది పేర్ల కాగితం ఇలా ఇవ్వండి."

ఈలోపు అక్క గొడుగు మూసుకుంటూ వచ్చింది. సూటిగా బావనే అడిగింది. "అడిగావా?"

"అడిగాను."

"ఏమంది?"

"చూశానంది. తర్వాత నేను చూడకుండానే చూశానన్నాను. ఇద్దరం తప్పాం. సీటు ఎవరికీ మార్చలేదు," అన్నాడు బావ. ముప్పై రెండేళ్ళలో ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పి మా గొడవలో నోరు పెట్టడం నేను చూసింది అదే.

అక్క నా వైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. అక్క గొడుగు బల్లకు ఆనించి దగ్గరికొచ్చింది. "ఈ ఏడాది ఆరు. వచ్చే ఏడాది ఏ మూడో అవుతాయి. ఆ తర్వాత అసలేమీ కనపడకపోతే ఏం చేస్తావే?"

డాక్టరు గదినుంచి వచ్చినప్పటినుంచీ నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నన్ను నేనూ అడగలేదు.

"ఖాళీ కాగితం ఇస్తాను. కింద సంతకం పెట్టి మరీ ఇస్తాను. కానీ పడవ దిగొచ్చి ఇస్తానక్కా, కుర్చీలోంచి లేచి కాదు."

బల్ల మీద పేర్ల కాగితం తడిమి దగ్గరికి లాక్కున్నాను. 'ముందు' అని ఉన్న గడి వెతుక్కోవడానికి కొంచెం సేపు పట్టింది. ఎవరూ వేలుపెట్టి చూపించలేదు. దొరికాక నా పేరు పెద్ద అక్షరాలతో రాశాను.