బుల్లెమ్మ కొట్టేసిన తీర్మానం

గురుమూర్తి బుల్లెమ్మ రాసిన తీర్పు కాగితాన్ని రెండోసారి పైకి చదివాడు. "పూజ ఇష్టమైనవాళ్ళు చేసుకోవచ్చు. చెయ్యనివాళ్ళ ఓటు తీసెయ్యకూడదు. మన సంఘం ఏ మతానిదీ కాదని మొదటి నిబంధనలోనే ఉంది. అందుచేత ఈ తీర్మానం చెల్లదు."

చదివి, "ఎంత సూటిగా రాసిందో చూడు పద్మజా!" అన్నాడు.

పద్మజకు ఒళ్ళు మండిపోయింది. కువైట్‌లోని తమ తెలుగు సంఘానికి ఆమె ఆరేళ్ళుగా కార్యదర్శి. ఆమె రాసిన కాగితాన్ని భర్త ఏనాడూ ఇలా మెచ్చుకోలేదు. ఈ బుల్లెమ్మేమో సల్వా ప్రాంతంలో ఒక ఇంట్లో వంటమనిషి. కోనసీమ మనిషి, చర్చికి వెళ్తుంది. సభ చేసే తీర్మానాలు నిబంధనలకు లోబడి ఉన్నాయో లేదో తేల్చే సమీక్షా సంఘానికి ఆమెనే అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. అందరికీ సెలవైన శుక్రవారం వచ్చిందంటే ఇంజనీర్లూ డ్రైవర్లూ అంతా ఆమె చుట్టూనే మూగేవారు.

పూజలో పాల్గొంటేనే ఓటు అన్న తీర్మానం పెట్టింది పద్మజే. నిజానికి ఇంట్లో రోజూ దీపం వెలిగించేది గురుమూర్తి.

వారం తిరక్కుండా ఆమె సవరణ తయారుచేసింది. సభ చేసిన తీర్మానాన్ని సమీక్షా సంఘం ఇక కొట్టెయ్యకూడదన్నది దాని సారం. సభ బుధవారం సాయంత్రం పెట్టింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు ఆరోజు సెలవు దొరకదని ఆమెకు బాగా తెలుసు.

సవరణ నెగ్గింది. దాని వెనకే పూజ తీర్మానమూ నెగ్గింది. వద్దని చెయ్యెత్తినవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో గురుమూర్తి ఒకడు.

శుక్రవారం బుల్లెమ్మ వచ్చింది. అరుస్తుందని, అందరిలో చులకనైపోతుందని పద్మజ ఆశగా చూసింది. బుల్లెమ్మ సమీక్షా సంఘం పుస్తకం తెచ్చి, తిరిగి అప్పగిస్తున్నట్టు బల్ల మీద పెట్టింది.

"మీరు పూజ చేసుకుంటే నాకేం బాధ లేదండి. దణ్ణం పెడితేనే ఓటంటే మాత్రం నేను పెట్టనండి. బుధవారం మా యజమానమ్మ నన్ను పంపలేదు, లేపోతే అప్పుడే చెప్పేదాన్నండి."

"అంతా నిబంధన ప్రకారమే జరిగింది," అంది పద్మజ.

"ఆయ్. తీర్మానమే తప్పయితే అడిగేవాళ్ళు లేకుండా పోయారు కదండీ. రేపు మీకు అన్యాయం జరిగినా అంతేనండి. నాకదే బెంగ."

ఆమె వెళ్తుంటే వంటవాళ్ళూ డ్రైవర్లూ లేచారు. బుధవారం పద్మజ పక్షాన చెయ్యెత్తిన ఇద్దరు ఇంజనీర్లు కూడా లేచారు. వాళ్ళ వెనకే గురుమూర్తి. కిటికీలోంచి చూస్తే బస్టాపు దగ్గర అతను తల వంచి బుల్లెమ్మ మాట వింటున్నాడు. పద్మజ కిటికీ తెర లాగేసింది.

రెండు వారాలకు గురుమూర్తి ఒక అర్జీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పాత నిబంధనలు తిరిగి తేవాలని, దానికోసం మళ్ళీ సభ పిలవాలని డెబ్భైమంది సంతకాలు పెట్టారు. మొదటి పేరు బుల్లెమ్మది, దాని కిందే గురుమూర్తిది.

"నువ్వూ పెడతావా?" అనడిగాడు.

"పెట్టను."

పద్మజ చాలాసేపు ఆ రెండు పేర్లనే చూస్తూ కూర్చుంది. ఇంతమంది అడిగితే కార్యదర్శి సభ పిలవక తప్పదు గనక, తర్వాత నోటీసు రాసింది. తేదీ దగ్గర కలం ఆగింది. కాసేపటికి, పళ్ళు బిగించి, శుక్రవారం అని రాసింది.