ఎవరైనా వస్తే పడుకునే మంచం

ఇంగ్లీషు మాస్టారి ఇంట్లో మంచివన్నీ ‘ఎవరైనా వస్తే’ వాడటానికే. అద్దాల బీరువాలో పూల కప్పులు ఎవరైనా వస్తే. లేసు కుట్టిన తువ్వాళ్ళు ఎవరైనా వస్తే. ముందుగదిలో టేకు మంచం, దానిమీద తెల్ల దుప్పటి, ఎవరైనా వస్తే. ఆ ఎవరైనాగారు మాత్రం ఇంతవరకూ రాలేదు. ఎక్కడున్నారో గాని, ఆయనంత అదృష్టవంతుడు లేడు.

వచ్చింది మాస్టారి అక్క, నడుముకి ఆపరేషన్ చేయించుకుని. ఆవిడ ఎవరైనా కాదు, సొంత మనిషి. అందుకని హాల్లో మడతమంచం వేశారు. అది పడుకోగానే మధ్యలో ఉయ్యాలలా దిగిపోతుంది. నడుం వంగితే మళ్ళీ కోయాల్సి వస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

మాస్టారు బళ్ళో పులి. ఇంటికొచ్చాక ఆ పులి చెప్పులతోపాటు గుమ్మం బయటే ఉండిపోతుంది. ముందుగది మంచం అక్కకిద్దామని భార్యతో నేరుగా చెప్పే ధైర్యం చాలక, కాఫీ గ్లాసు పట్టుకుని వంటింట్లో పాఠం మొదలెట్టాడు.

“ఇంగ్లీషులో ఇయర్‌మార్క్ అని ఓ మాట ఉందోయ్. వెనకటికి మందలు కలిసిపోతే ఏ గొర్రె ఎవరిదో తెలియాలని చెవికి గాటు పెట్టేవాళ్ళు. తర్వాత దేనిమీద సొంతదారు గుర్తున్నా అదే మాట. ఇప్పుడు డబ్బయినా, గదయినా, ఫలానా పనికని విడిగా ఉంచితే ఇయర్‌మార్కే. గొర్రె పోయింది, చెవి పోయింది, మాట మిగిలింది.”

“బావుంది. జరగండి, కూర మాడుతోంది.”

“అంటే... పాపం, మంచానికి చెవులుండవు కదా అని...”

“మీకున్నాయిగా! జరగమంటే వినబడదా?”

మాస్టారు జరిగి, హాల్లోకొచ్చి, అక్క చెవిలో గొణిగాడు. “ముందుగదిలో పడుకోవే అక్కా.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నన్ను పరాయిదాన్ని చేస్తావురా? మీ ఆవిడ ఇంటి మనిషిననే కదా ఇక్కడ పక్క వేసింది!” అని నవ్వబోయి, నడుం పట్టుకుని, నవ్వు సగంలో ఆపేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వంటింటి గుమ్మంలోంచి భార్య అది చూసింది. పొయ్యి కట్టేసి వచ్చింది. మాస్టారి చేతిలో సగం తాగిన గ్లాసు లాక్కుంది. నేరుగా ముందుగదిలోకెళ్ళి, తెల్ల దుప్పటి మీద, ఓ పక్కగా, తొణక్కుండా నిదానంగా ఒంపేసింది.

“అయ్యయ్యో, ఒలికిపోయింది!” అని ఆ తర్వాత అరిచింది. “ఇంత మరకపడ్డ పక్క ఎవరైనా వస్తే ఏం చూపిస్తాం? పరువు పోదూ? ఇంక ఇది మనకే. వదినా, మీరిటు రండి.”

“మరే, మరకయిందని పారేసుకుంటామా ఏంటి!” అంటూ అక్క లేచి, పొడిగా ఉన్న వైపు వెల్లకిలా పడుకుంది. నడుం తిన్నగా ఆనింది. ఒక్క నిట్టూర్పు విడిచి, కళ్ళు మూసుకుంది.

మాస్టారు భార్య పక్కన చేరి మెల్లిగా అడిగాడు.

“ఉతికితే పోతుందంటావా?”

“పోనిస్తే కదా!”