ముక్కునకు ఏకాదశి

గ్రీష్మతాపమున సొలసిన దినమణి పశ్చిమగిరిశిఖరమున నొరగుచుండగా పాటలకుసుమపరిమళభరితమందమారుతము శ్రీపర్ణపురరాజసౌధగవాక్షములందలి తడిసిన వట్టివేళ్ల తడికలను మెల్లమెల్లగ గదల్చుచు నర్ధనిమీలితనేత్రయగు నగరలక్ష్మిని జోకొట్టుచుండెను. ఆషాఢము ప్రవేశించినను ఆకసమున మబ్బుతునుకయైన లేదు.

ఆ సౌధమున, కర్షకగృహమున బుట్టి రాణియైన వృద్ధరాజమాత నాగాంబికాదేవి చూపుడిగి రోగశయ్యాగతయై యొక్కటే కోరుచుండెను. తొలకరి తడిపిన మంటివాసన యొక్కమాఱు పీల్చి కన్నుమూయవలెనట! వాన జాడ లేదు. వానదాక నామె ప్రాణము నిలువదని వైద్యులు పెదవి విఱిచిరి. అంత నామె తన తల దువ్వు పరిచారిక వకుళమాలికను బిలిచి "నా మనసు నీ చేతులకే తెలియును. గంధశాలకు బోయి యా వాసన నీవే చేసికొని రావే" యనెను.

వకుళమాలిక గంధవిద్య నెఱుగదు. ఎఱుగని విద్యను ద్వరగా నేర్వదలచువారందఱు చేయు పనినే యామెయు జేసెను. కనబడిన వారినెల్ల నడిగెను. అడుగుటయే తడవుగ గంధశాలలోని వారందఱు నాచార్యులైరి! కస్తూరి యనువా డొకడు, కుంకుమపువ్వనునది యొకతె, పునుగు లేని పరిమళము పరిమళమా యని గద్దించువాడు వేఱొకడు. ఆమె యుదయమాదిగ నానావిధగంధకరండముల మూతలు దీసి దీసి మూర్కొని మూర్కొని కలిపి కలిపి సాయంకాలమునకు గర్పూరమును నాసికకు జేర్చినను వాసన తెలియని దశకు వచ్చెను. మల్లెయు లేదు, ఇంగువయు లేదు. ముక్కు మొద్దుబాఱినది.

గంధశాలాధిపతియగు భైరవార్యుని పాదములపై బడి యామె "ఆర్యా! నేర్చిన కొలది నాకేమియు దెలియకున్నది. అమ్మగారి యూపిరి సన్నగిల్లుచున్నది. ఇంక నే గ్రంథము చూడవలయునో సెలవిండు" అని విలపించెను.

ఆ వృద్ధుడు నవ్వి "పిచ్చితల్లీ! నీవు నేర్చుట లేదు, మెక్కుచున్నావు. అజీర్తికి లంఖణమే మందు. రేపు నీ ముక్కునకు ఏకాదశి. ఏ కరండమును ముట్టకుము. ఎవ్వరి మాటయు వినకుము" అనెను.

"అంతలో నమ్మగారు..."

"చచ్చిన ముక్కుతో నామెకు నీవేమి చేయగలవమ్మా?"

మఱునాడు వకుళమాలిక తలస్నానము చేసి యేటివంక మేడపై నూరక కూర్చుండెను. భయముతో గూర్చుండెను. కాని జలకణశీతలానిలము చెక్కిళ్లను దాకుచుండ దూరమున నావలు కలలోవలె గదలుచుండ నామె మనస్సు క్రమముగ దేటపడెను. ఉపదేశించుటకై వచ్చినవారికి "ఎల్లుండి వినెదను" అని చెప్పి పంపెను. వారు నొచ్చుకొనిరి. నొచ్చుకొననిండు!

ద్వాదశి పారణకై భైరవార్యుడు తెచ్చినది కాల్చిన మంటిమూకు డొక్కటి. దానిపై నీరు చిలికి యామె ముక్కుకడ బెట్టెను. వకుళమాలిక కన్నులు తమంతట మూతపడెను. ఆహా, ఎంత చిన్న వాసన! ఇన్ని కరండముల నడుమ నది యెట్లు వినబడగలదు?

పిమ్మట నామె యట్టి మంటిపెంకులనే నానవైచి యావిరిపట్టి చందనతైలమున నొదిగించుట నేర్చెను. పలుమాఱులు తప్పెను. తప్పినప్పుడెల్ల దప్పెచ్చటనో యామె ముక్కే చెప్పుచుండెను.

ఆనాటి సంధ్యవేళ దూదిపై నా తైలము నద్ది రాజమాత నాసికకడ నుంచెను. అంతలో నా ముదుసలి మొగమున బసిబిడ్డ నవ్వొకటి మెఱసెను.

"అమ్మా! వాన వచ్చుచున్నదే. మిద్దెమీది వడియములు తడిసిపోవును, తీయవే!"

రాజమాత పిలిచిన యా తల్లి గతించి యెన్ని యేండ్లయ్యెనో! వకుళమాలిక గవాక్షమునుండి చూచెను. ఆకసము నిర్మలముగ నుండెను.

"ఇదిగో, తీసెదనమ్మా" అని యామె కన్నులు తుడుచుకొని చేట చేతబట్టి యెవ్వరును బెట్టని యా వడియములను దీయుటకై నిజముగనే మిద్దె మెట్లెక్కెను.