బోర్లించిన గిన్నెలు

గౌలిపుర సదర్‌లో, అంటే దున్నల పండుగలో, ఆ రోజు పదకొండు వేల మంది ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. స్వయంగా లెక్కపెట్టాను. చేతివేళ్లు చాలక కాలివేళ్లు కూడా వాడాను. అంతమందిని చూసి పోలీసు జీపు వెనక్కి నడుస్తూ నడుస్తూ చార్మినార్ దాకా పోయింది. నమ్మనివాళ్లు ముందు కథ వినండి, తిట్టేది ఉంటే తర్వాత తిట్టండి.

కథ మాత్రం అంతమందితో మొదలు కాలేదు. ఒక గిన్నెతో మొదలైంది.

గౌలిపురలో పాలు పోసే లలితమ్మకు అరవై నాలుగేళ్లు. ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలు, ఒక దున్న. రోజూ తెల్లవారగానే క్యాన్ పట్టుకుని లాల్‌దర్వాజా సందుల్లోకి పోతుంది. అక్కడ ఒక పద్ధతి ఉంది. పాలు కావాల్సిన ఇంటివాళ్లు గడప మీద గిన్నె వెల్లకిలా పెడతారు. ఆ రోజు వద్దనుకుంటే బోర్లిస్తారు. తలుపు కొట్టే పని లేదు, ఒకరి నిద్ర చెడగొట్టే పని లేదు. లలితమ్మ అత్తగారు పాలు పోసిన కాలం నుంచీ ఇదే వరస.

దీపావళికి వారం ముందు, ఒక పొద్దున, మొదటి గిన్నె బోర్లా కనిపించింది. ఊరికి పోయారేమో అనుకుంది లలితమ్మ. రెండోదీ బోర్లానే. మూడోదీ అంతే. సందు సందంతా కలిసి యాత్రకు బయల్దేరిందా అనుకుని ఏడో ఇంటి ముందు నిలబడింది. లోపల ఉల్లిగడ్డ వేగుతున్న వాసన. ఊళ్లో లేనివాళ్లు ఉల్లిగడ్డ వేయించరు కదా.

"సావిత్రీ, పాలొద్దానే?"

"వద్దత్తా." తలుపు వెనక నుంచే జవాబు.

"ఎందుకు, నిన్నటివి విరిగినయా?"

"పాలు మంచిగనే ఉన్నయ్. మీ పోరి చేసిన పనే మంచిగ లేదు."

లలితమ్మ ముప్ఫై ఒక్క ఇళ్లు తిరిగింది. ఇరవై నాలుగు గిన్నెలు బోర్లా ఉన్నాయి. క్యాన్ ఎంత బరువుతో పోయిందో దాదాపు అంతే బరువుతో ఇంటికి వచ్చింది.

చేసిన పని ఏమిటంటే, ముందురోజు సాయంత్రం లలితమ్మ మనవరాలు స్రవ్య పోలీస్ స్టేషన్‌కు పోయి గోవర్ధన్ మీద ఫిర్యాదు రాసి ఇచ్చింది.

గోవర్ధన్ లాల్‌దర్వాజాలో పుట్టి కొండల మీది బంగళాలకు ఎక్కిన గాయకుడు. బోనాలకొక పాట, సదర్‌కొక పాట వదులుతాడు. ఆయన పాట లేకుండా ఆ సందుల్లో పెళ్లి బరాత్ కదలదు. సదర్‌కు లైట్లు, స్టేజీ ఆయనవే. గోడ మీద ఆయన బొమ్మ ఎమ్మెల్యే బొమ్మకన్నా పెద్దది. ఎమ్మెల్యే కూడా ఏమీ అనడు, ఎలక్షన్ పాట పాడాల్సిన గొంతు అదే మరి.

స్రవ్య డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఏడాదిగా సంతోష్‌నగర్‌లోని ఆయన స్టూడియోలో కోరస్ పాడుతోంది. రికార్డింగ్ గదికి చప్పుడు బయటికి పోనివ్వని తలుపు ఉంటుంది. ఆ తలుపు మూసి ఆయన తన మీద చేతులు వేశాడని, తను అరిస్తే, "గట్టిగ అరువు బిడ్డా, అరిచేటోళ్ల కోసమే ఈ గది కట్టిచ్చిన," అని నవ్వాడని కాగితం మీద రాసింది. ఎస్సై రెండుసార్లు చదివి కాగితం మడిచాడు.

"ఒక్క పోరి మాట ఏం నడుస్తదమ్మా? ఇంకొకల్లు వచ్చి చెప్పాలె. లేకుంటే నీకే బద్‌నామ్."

ఆ మాట చట్టంలో ఎక్కడుందని అడగడం స్రవ్యకు తెలియలేదు.

రాత్రికల్లా ప్రతి ఫోన్‌లో ఆ పిల్ల ఫొటో తిరిగింది. కాలేజీ ఫంక్షన్‌లో నవ్వుతున్న ఫొటో. ఇట్లా నవ్వే పిల్లకు ఏం బాధ ఉంటుందని కింద రాశారు. టీవీలో నలుగురు కూర్చుని, ఆయన ఎంత గొప్ప కళాకారుడో ఇద్దరూ, ఎంత పేదరికం నుంచి వచ్చాడో ఇద్దరూ చెప్పారు. పిల్ల సంగతి చెప్పడానికి ఐదో కుర్చీ వెయ్యలేదు.

ఇక కొట్టంలో సంగతి. దున్న పేరు సర్దార్. సదర్ నాడు కొమ్ములకు నెమలీకలు, మెడకు గవ్వల పట్టెడ, కాళ్లకు గజ్జెలు కట్టి దున్నలను ఊరేగిస్తారు. పాట పడగానే ముందుకాళ్లు ఎత్తి మనిషిలా నిలబడే దున్నకే పేరు. స్రవ్య తండ్రి శివయ్య నాలుగు నెలలుగా సర్దార్‌కు అదే నేర్పుతున్నాడు. సాయంత్రం కాగానే ఫోన్‌లో గోవర్ధన్ పాట పెట్టి, కట్టెతో మోకాళ్ల మీద తట్టి లేపుతాడు. ఫిర్యాదు ఇచ్చిన మర్నాడు కూడా పెట్టాడు.

స్రవ్య కొట్టం గుమ్మంలోకి వచ్చింది. "పాట బంద్ జెయ్ నాయినా."

"గీ పాటకే లేస్తది బిడ్డా. నాలుగు నెలల మెహనత్. వారంల సదర్ ఉన్నది."

"గా గొంతు మనింట్ల వద్దు."

"దున్నకేం తెలుసే?"

"దున్నకు తెల్వదు. నీకు తెలుసు గదా."

శివయ్య చూపు కట్టె మీదికి దిగింది. లలితమ్మ పాలు పిండుతున్నది లేచి, కొడుకు చేతిలోని ఫోన్ తీసి కుడితి తొట్టిలో వేసింది. పాట రెండు బుడగలు వేసి ఆగిపోయింది.

"గది నా కొత్త ఫోన్ అమ్మా."

"పిల్ల పాతదా?" అంది లలితమ్మ.

రెండు రోజులకు సదర్ కమిటీ మీటింగ్ పెట్టింది. మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు గుమ్మం అవతల చెప్పుల దగ్గర. కమిటీ పెద్ద అంజన్‌కు నాలుగు డెయిరీ దుకాణాలు, గోవర్ధన్ పక్కన నిలబడ్డ ఫొటోలు నలభై ఉన్నాయి.

"చిన్నమ్మా, గోవర్ధన్ అన్న మన బస్తీ ఇజ్జత్. కంప్లైంట్ వాపస్ తీస్కోండ్రి. అన్నతోని నేను మాట్లాడుత. పిల్లకు సోలో పాట ఇప్పిస్త."

"గదే గదిలనా?" అంది లలితమ్మ.

కుర్చీల్లో ఎవరో నవ్వబోయి ఆగారు. అంజన్ మొహం గట్టిపడింది.

"లొల్లి జెయ్యకు. అన్న లేకుంటే మనకు లైట్లు లేవు, స్టేజ్ లేదు. టీవీలోళ్లు మనదిక్కు చూస్తరా?"

"లైట్లు లేనప్పుడు సదర్ జెయ్యలేదా మనం? మీ నాయిన కందిలి పట్టుకుండు, నా మొగుడు దున్నను పట్టుకుండు. ఎవ్వని పాట లేకున్నా దున్న ఎగిరింది."

"గా జమానా వేరు."

"పాలు పిండే చేతులు గవ్వే గదరా. పిండేటోళ్లకు చెప్పుల కాడ జాగా, పాడేటోనికి స్టేజీ. గిదేం లెక్క?"

కమిటీ అప్పటికే తీర్మానించుకుని వచ్చింది. ఫిర్యాదు వాపసు తీసుకునేదాకా లలితమ్మ పాలు ఎవరూ పోయించుకోరాదు. గోవర్ధన్ వస్తాడు, పాడతాడు. శివయ్య లేచి ఏదో అనబోయాడు. అంజన్ వైపు చూశాడు. కూర్చున్నాడు.

బయట సందు మలుపులో ఎవరో లలితమ్మ కొంగు పట్టుకున్నారు. మిషన్ కుట్టే అమల. ముప్ఫై ఏళ్లుంటాయి.

"అత్తా, ఆరేండ్ల కింద నేను గూడ గా గదిల పాడిన."

లలితమ్మ ఆమె మొహం చూసింది. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

"స్టేషన్‌కొచ్చి చెప్తవా?"

"నా మొగనికి తెల్వదత్తా. పిల్ల బడికి పోతున్నది. నాతోని కాదు." కొంగు వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు అమల గడప మీద గిన్నె వెల్లకిలా ఉంది. రోజూ పెట్టే గిన్నె కాదు, దానికి రెండింతలది. లలితమ్మ నిండా పోసింది.

లాల్‌దర్వాజా దాటి సంతోష్‌నగర్‌లోనూ లలితమ్మ పాలు పోసే ఇల్లొకటుంది, అక్కడి గిన్నె మాత్రం ఏనాడూ బోర్లా పడలేదు. అది వెంకటలక్ష్మిది. కాకినాడ నుంచి వచ్చి ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తోంది. ఎస్సై మాట విని ఆమె మండిపడింది.

"ఇంకొకళ్లు రావాలని చట్టంలో లేదండీ లలితమ్మ గారూ. అమ్మాయి చెప్పింది చాలు, కేసు రాసి తీరాలి. ఆయనకి చెప్పండి."

"నేను చెప్తే బర్రెలు కాసుకో పో అంటడు. నువ్వొచ్చి చెప్పు."

వెంకటలక్ష్మి గిన్నె తీసుకుని లోపలికి రెండడుగులు వేసి ఆగింది. ఉద్యోగం గుర్తొచ్చిందేమో. "వస్తాను," అంది చివరికి. "శనివారం సెలవు పెడతాను."

వచ్చింది, చెప్పింది. ఎస్సై విని, టీ ఇప్పించి, పండుగ బందోబస్తు అయ్యాక చూద్దామన్నాడు. ఆ బందోబస్తు ఎవరి కోసమో గోడ మీది బొమ్మే చెబుతోంది.

తిరిగి వస్తూ లలితమ్మ దారిపొడవునా బోర్లా ఉన్న గిన్నెలు చూసింది. ఒక్క మాట లేదు, ఒక్క తిట్టు లేదు. బస్తీ మొత్తం ఆమెను వద్దనుకుంది. ఇంత సులువా వద్దనడం? ఒక గడప దగ్గర ఆగి వెంకటలక్ష్మితో అంది: "గోవర్ధన్‌ను మనం గూడ వద్దందాం. ఆయన గడపల గాదు, ఆయన తొవ్వల."

సదర్ సాయంత్రం వచ్చింది. ఇంకా వెలుగు ఉంది. గోవర్ధన్ పూలు కట్టిన ఓపెన్ బండి మీద మైకు పట్టుకుని వస్తున్నాడు. బండికి ముందు డప్పులు, దున్నలు. గౌలిపుర మలుపులో బండి ఆగింది. రోడ్డుకు అడ్డంగా ఆడవాళ్లు కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు బోర్లించిన పాల గిన్నె.

ఇక్కడ ఒక మాట సరిచెయ్యాలి. పదకొండు వేల మంది అన్నాను కదా, అందులో వేలు తీసెయ్యండి. పదకొండు మంది. కాలివేళ్లలో ఒక్కటే వాడాను. జీపు చార్మినార్ దాకా పోయిందన్నది కూడా కొట్టెయ్యండి. జీపు అంగుళం కదల్లేదు.

లలితమ్మ, స్రవ్య, వెంకటలక్ష్మి, పాలు పిండే ఇళ్ల నుంచి ఏడుగురు. పదకొండో మనిషి సావిత్రి. చివర్లో గిన్నె చంకన పెట్టుకుని వచ్చి కూర్చుంది. లలితమ్మ చూస్తే, "నా బిడ్డ గూడ పాడుతదత్తా," అంది, తల వంచుకుని.

వేలమంది జనం చుట్టూ మూగారు. "లెవ్వుండ్రి, తొవ్వ ఇడువుండ్రి," అని కేకలు. ఒకడు గిన్నెను కాలితో తన్నాడు. అది దొర్లి డ్రైనేజీ మూత దగ్గర ఆగింది. దాన్ని పెట్టిన ముసలామె పోయి తెచ్చుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ బోర్లించి కూర్చుంది.

గోవర్ధన్ మైకులో మెత్తగా మాట్లాడాడు. "అవ్వలారా, మీరు మా అమ్మల లెక్క. స్రవ్య చెల్లె మంచిగ పాడుతది. ఎవరో మాటలు నేర్పిండ్రు. నేను మాఫ్ చేసిన."

జనం చప్పట్లు కొట్టారు. లలితమ్మ జవాబు చెప్పింది. మొదటి వరసలోవాళ్లకు తప్ప వినపడలేదు. మైకు ఆయన దగ్గర ఉంది.

"మాఫీ అడిగినమా మేము?"

ఆయన చెయ్యి ఊపాడు. పాట మొదలైంది. నాలుగు నెలల కష్టం వదులుకోలేక వచ్చిన శివయ్య, సర్దార్ పగ్గం పట్టుకుని దున్నల ముందు వరసలోనే ఉన్నాడు. జనమంతా సర్దార్ వైపు తిరిగారు. పాట రెండో చరణంలోకి పోయింది. సర్దార్ లేవలేదు. ముందుకాళ్లు మెల్లగా ముడిచి, గజ్జెలు ఒక్కసారి మోగేట్టు, స్రవ్య పక్కన రోడ్డు మీద కూలబడింది.

తర్వాత పోలీసులు దిగారు. పదకొండు మందిని రెక్కలు పట్టి లేపి వ్యాన్ ఎక్కించారు. గిన్నెలు బండి చక్రాల కింద సొట్టలు పడ్డాయి. వెంకటలక్ష్మి తన ఆఫీసు గుర్తింపు కార్డు చూపిస్తే, "రేపు మీ ఆఫీసుకే ఫోన్ చేస్తం మేడమ్," అన్నాడు ఎస్సై.

స్టేషన్‌లో ఒకే బెంచీ. దాని మీద పదకొండు మంది ఇరుక్కున్నారు. కిటికీలోంచి ఆయన పాట వినిపిస్తూనే ఉంది. స్రవ్య నానమ్మ భుజం మీద తల పెట్టింది.

"ఏమైంది నానమ్మా ఇంత జేసి?"

"ఏం గాలే," అంది లలితమ్మ. ఆమె మనవరాలికి అబద్ధం చెప్పే మనిషి కాదు.

అప్పుడు మెట్ల మీద సత్తు గిన్నె చప్పుడైంది. అమల. రెండింతల గిన్నెను స్టేషన్ మెట్టు మీద బోర్లించి లోపలికి వచ్చింది.

"గోవర్ధన్ మీద రాసియ్యాలె. నాది ఆరేండ్ల కిందటిది," అంది ఫిర్యాదులు రాసుకునే రైటర్‌తో.

"సారు లేడు. బందోబస్తుల ఉండు. పండుగ అయినంక రా."

"అయ్యేదాక కూసుంట."

బెంచీ మీద జాగా లేదు. స్రవ్య లేచి ఆమెను కూర్చోబెట్టి, తను పక్కన నేల మీద కూర్చుంది.

తర్వాత మంచి జరిగిందని చెప్పాలని నాకూ ఉంది. గోవర్ధన్‌కు అరెస్టుకు ముందే బెయిల్ దొరికింది. పాటను కోటి మంది చూశారు. వెంకటలక్ష్మిని ఊరవతలి ఆఫీసుకు మార్చారు. అమల మొగుడు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. రోడ్డుకు అడ్డం పడ్డందుకు లలితమ్మ మీద కేసు నడుస్తూనే ఉంది. లాల్‌దర్వాజాలో పద్దెనిమిది గిన్నెలు ఇంకా ఆమెకు బోర్లానే ఉన్నాయి. ఇరవై నాలుగు కాదు, పద్దెనిమిది. ఫైలులో మాత్రం ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. మూడో కాగితం రాయాలనుకుంటున్న పిల్ల ఎవరో స్రవ్యకు ఫోన్ చేసి, మాట్లాడకుండా పెట్టేస్తోంది.

చివరగా ఒకటి ఒప్పుకోవాలి. సర్దార్ కాళ్లు ముడిచి కూర్చుందన్నది నా కల్పన. పాట పడగానే అది లేచింది. నాలుగు నెలలు నేర్పినట్టే, ముందుకాళ్లు గాలిలోకి ఎత్తి, గవ్వలు మెరిసేట్టు, జనం ఈలల మధ్య నిటారుగా నిలబడింది. పగ్గం పట్టుకుని శివయ్య ఏడుస్తున్నాడు. దున్నకేం తెలుసు. ఆ పాటకు లేవనిది వాళ్లు పదకొండు మందే.