నలుగురి గది

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, నా కూతురు దాక్కోవడం బాగా నేర్చేసుకుందేమోనని. నారేకి ఇప్పుడు ఆరేళ్ళు. బడిలో పేరు పిలిస్తే పలకదట. పంతులమ్మ దగ్గరికొచ్చి భుజం తట్టాక గానీ చెయ్యెత్తదట. ఇంట్లో తలుపు గంట మోగితే చేతిలో బొమ్మ చేతిలోనే ఉంచుకుని, ఊపిరి బిగబట్టి నా మొహంలోకి చూస్తుంది. మనం ఉన్నామా, లేమా అని అడుగుతున్నట్టు.

ఇదెక్కడ మొదలైందో నాకు తెలుసు. కిందటేడు ఆగస్టులో, ఐస్ పెట్టె సర్దే దగ్గర.

కొరియాలో, మా వొంజు ఊళ్ళో వేసవి సెలవంటే ఆగస్టు మొదటి వారం. ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారే మూసేస్తారు, జనమంతా ఒక్కసారే తూర్పు సముద్రం మీద పడతారు. మా ఆయన ఇన్హో వాళ్ళన్నయ్య ఇన్చొల్ బావగారు పనిచేసే కంపెనీ, సముద్రం ఒడ్డున ఒక కాండోలో, అంటే సెలవులకి అద్దెకిచ్చే మేడలో, గదులు చవగ్గా ఇప్పిస్తుంది. గదిలోనే పొయ్యి, గిన్నెలు ఉంటాయి కాబట్టి తిండి ఖర్చు ఉండదు. "హోటల్లో తినడానికా సముద్రానికి పోయేది?" అంటారు మా అత్తగారు. నిజమే, తినడానికి కాదు. నేనూ కుమ్హీ అక్కా వండడానికి పోతాం. కుమ్హీ అక్క బావగారి భార్య, నా తోడికోడలు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, కిమ్చీ పచ్చడి పెట్టేటప్పుడు చేతికి మంట పుట్టకుండా లోపల ఒక జత, పైన ఒక జత తొడుగులు వేసుకోవాలని నాకు చెప్పిన ఒకే ఒక్క మనిషి.

ప్రయాణానికి ముందు మా ఇద్దరికీ నడుములు విరిగిపోతాయి. క్యాబేజీ కిమ్చీ ఒక డబ్బా, ముల్లంగి కిమ్చీ ఒక డబ్బా, సోయాలో ఉడకబెట్టిన గుడ్లు, వేయించిన చిన్న ఎండుచేపలు, మూడు పూటలకి నానబెట్టిన మాంసం. బార్లీ నీళ్ళు కాచి సీసాల్లో గడ్డ కట్టిస్తే ఐసూ కొనక్కర్లేదు, కరిగాక తాగే నీళ్ళూ కొనక్కర్లేదు. అది కుమ్హీ అక్క కనిపెట్టిన ఉపాయం. కారు డిక్కీ మూస్తూ బావగారు ప్రతి ఏడూ ఆ సీసాలు మా ఆయనకి చూపించి, "చూశావా, పొదుపంటే మా ఇంట్లో నేర్చుకోవాలి," అంటారు. అక్క పక్కనే నిలబడి తలూపుతుంది. ఆ మాట ఎవరి గురించో ఆమెకి కూడా తెలియనట్టు.

అసలు పొదుపు మాత్రం సీసాల్లో లేదు. ఆ గది నలుగురికి. నలుగురు దాటితే మనిషికింత అని పరుపు డబ్బు కట్టాలి. మేం ఆరుగురం. అందుకని మొదటి ఏడాది నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అత్తగారు, బావగారు, మా ఆయన, నేను ముందు గుమ్మంలోంచి వెళ్ళి తాళం తీసుకుంటాం. కుమ్హీ అక్క నారేని తీసుకుని కారులోనే కూర్చుని, మేం గది నంబరు మెసేజ్ పెట్టాక, కింద కార్లు నిలిపే చోటు నుంచి లిఫ్టులో పైకొస్తుంది. ఆ ఇద్దరే ఎందుకని ఒకసారి మా ఆయన్ని అడిగాను. "నారే చిన్నది, కనపడదు. వదిన... వదినని ఎవరు చూస్తారు?" అన్నాడు. అతను వేళాకోళమాడలేదు, ఎగతాళి కూడా కాదు. ఉన్న సంగతి చెప్పాడు.

ఆ కిందటేడుకి ముందటేడు పట్టుబడ్డాం. ఏసీ చూడ్డానికని కాండో మనిషి వచ్చి తలుపు కొడితే అక్క వెళ్ళి తీసింది. అతను గదిలో మనుషుల్ని లెక్కపెట్టుకుని వెళ్ళాడు. పరుపుల డబ్బు కట్టాల్సొచ్చింది. తిరుగు ప్రయాణంలో బావగారు దారి పొడవునా ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఏడాదంతా అది ఇంట్లో జోకైపోయింది. చుసొక్ పండక్కి అందరం చేరినప్పుడు గంట మోగితే చాలు, "ముందు వదినని కట్టేయండి, తలుపు తీసేస్తుంది," అనేవాడు మా ఆయన. అందరూ నవ్వేవాళ్ళు. అక్క అందరికంటే ఎక్కువ నవ్వేది.

అందుకే కిందటేడు కారులోనే మా ఆయన నారేకి ఒక ఆట నేర్పాడు. ఎవరైనా తలుపు కొడితే పెద్దమ్మతో కలిసి పరుపుల అలమరలో దాక్కోవాలి. మాట్లాడకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. దొరక్కపోతే గెలిచినట్టు, చాక్లెట్ రొట్టె బహుమతి. నారే వెనక సీట్లోనే ఊపిరి బిగబట్టి చూపించింది. దాని బుగ్గలు ఎర్రగా ఉబ్బాయి. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోవడం లేదు.

ఇలాంటి వాటికి నేను ఎందుకు నోరు మెదపలేదో కూడా చెప్పాలి. మా అమ్మ మంచాన పడితే హైస్కూలు మధ్యలో ఆపేసి బువ్వ ఉండలు చుట్టే కొట్లో పనికి చేరాను. ఇంట్లో ఖర్చుల మాట వస్తే మా అత్తగారు మెత్తగానే అంటారు: "నీకు లెక్కలు పట్టవులే తల్లీ, చదువు మధ్యలో ఆపేసినదానివి." నిజమేనేమో అనుకునేదాన్ని. గది అద్దె ఎంత, మిగిలింది ఎంత, అది ఎవరి జేబులోకి వెళ్ళింది అనేవి నాకు అందని లెక్కలనుకునేదాన్ని. మేమిద్దరం అక్కడ వండిన పూటలకి, తోమిన గిన్నెలకి, హోటల్లో అయితే ఎవరో ఒకరికి కూలి ఇస్తారన్న ఆలోచన అప్పటికింకా నాకు రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం. అత్తగారూ అన్నదమ్ములిద్దరూ ఒడ్డు మీద గొడుగు కింద ఉన్నారు. సాయంత్రం నీళ్ళలోకి తీసుకెళ్తానని నారేకి మాటిచ్చాను, అది పొద్దుటి నుంచీ రబ్బరు చక్రం నడుముకి వేసుకునే తిరుగుతోంది. బియ్యం నానాయి, కుక్కరేమో కారులో ఉంది. దాన్ని తేవడానికి నేను కిందికి దిగాను. కుక్కరు చంకన పెట్టుకుని డిక్కీ మూస్తుంటే ప్రమాదపు గంటలు మోగాయి.

నన్ను ఎవరో బయటికి తోశారు. ముందున్న ఖాళీ జాగాలో జనం గుంపులుగా చేరారు. తడి బట్టలతో, తువ్వాళ్ళతో, ఒకాయన చేతిలో మాంసం పట్టుకునే పటకారుతో. మూడో అంతస్తు కిటికీలోంచి నల్లగా పొగ వస్తోంది. మా గది కూడా మూడో అంతస్తే. కాండో మనుషులు ఒక్కో గది నంబరు పిలిచి అడుగుతున్నారు. ఒడ్డు మీంచి పరుగెత్తుకొచ్చిన మావాళ్ళు ముగ్గురూ నా పక్కకి చేరారు. మా గది నంబరు పిలిచారు.

"ఎంతమంది?"

బావగారు నాలుగు వేళ్ళు ఎత్తారు. "నలుగురం. అందరం ఇక్కడే ఉన్నాం."

అలవాటు. ఆయన అబద్ధమాడాలని ఆడలేదు, ఆ క్షణంలో ఆయనకి నిజంగానే లెక్క సరిపోయింది. నేను మా ఆయన వైపు చూశాను. అతను జనంలోకి చూస్తూ, "వదిన కిందికి దిగే ఉంటుంది, ఎక్కడో ఉంటారు," అని గొణిగాడు. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని నొక్కారు. ఆ నొక్కుడు నాకు బాగా తెలుసు. కాస్త ఆగు అని. నా చంకలో కుక్కరు ఉంది. అది అక్కడే కింద పెట్టేశాను.

"కాదు," అన్నాను. "ఆరుగురం. నా కూతురూ మా అక్కా లోపలున్నారు."

"ఆ అంతస్తు గదులన్నీ తెరిచి చూశాం, తల్లీ. మీ గదిలో ఎవరూ లేరు," అన్నాడు ఆ మనిషి. "తలుపు కొట్టాం, పిలిచాం, తాళం చెవితో తీసుకుని లోపలికి కూడా వెళ్ళాం."

అప్పుడు నాకు అర్థమైంది. అలమర. ఇక నేను ఎలా మెట్లెక్కానో తెలియదు. అతను నా వెనకే అరుస్తూ వచ్చాడు. నడవా అంతా పొగ, కళ్ళు మండుతున్నాయి. గదిలో ఎవరూ లేరు. పులుసు కింద పొయ్యి ఆర్పేసి ఉంది. కిటికీ సందులోంచి పొగ లోపలికి పాకుతోంది. "నారే," అని పిలిచాను. చప్పుడు లేదు. "అక్కా," అన్నాను. చప్పుడు లేదు. నా వెనక బూట్ల చప్పుడు వినిపిస్తోంది కదా, అందుకని. నా కూతురు నా గొంతు విని కూడా పలకలేదు.

"ఆట అయిపోయింది, నారే."

అలమర తలుపు కదిలింది. మడత పరుపుల మధ్యలోంచి, నడుముకి రబ్బరు చక్రంతో, జుట్టంతా చెమటతో అతుక్కుపోయి నారే బయటికొచ్చింది. దాని వెనక కుమ్హీ అక్క, మోకాళ్ళు పట్టేసి లేవలేక.

"అమ్మా, వాళ్ళు గదిలోకి వచ్చి పిలిచారు," అంది నారే. "మేం దొరకలేదు. దగ్గొచ్చినా దగ్గలేదు. గెలిచాం."

ఇంతా చేసి మంట పెద్దదేం కాదు. పక్క గదివాళ్ళెవరో బాల్కనీ గట్టు మీద దొంగచాటుగా మాంసం కాలుస్తుంటే తెర అంటుకుంది. మేం కిందికి దిగేలోపే ఆర్పేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. మావాళ్ళకి అదే కలిసొచ్చింది. ఏమీ కాలేదు కాబట్టి తప్పు నాదైంది. పరుపుల డబ్బు కట్టి వచ్చిన బావగారు, "కాస్త నోరు ఆపుకునుంటే వాళ్ళే దిగొచ్చేవాళ్ళు," అన్నారు. మా ఆయన, "అందరి ముందూ అన్నయ్య పరువు తీశావు," అన్నాడు. అత్తగారు అన్నం ఆలస్యమైందని అన్నారు. ఆ సాయంత్రం నారేకి చాక్లెట్ రొట్టె ఇచ్చారు. గెలిచింది కదా.

సముద్రంలోకి తీసుకెళ్ళలేదు. గిన్నెలు ఉన్నాయి.

గిన్నెలు తోముతూ నేను అక్కని అడిగాను, గంట వినపడలేదా అని.

"వినపడింది," అంది. పొయ్యి పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ చప్పుడు మాటున ఆమె గొంతు సగమే వినిపించింది. "పొగ కూడా వచ్చింది. నారేని ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళాను, నారే అమ్మా. అప్పుడే తలుపు కొట్టారు. తీస్తే మళ్ళీ నేనే తీశానంటారు కదా."

ఆమె చేతుల్లో గిన్నె ఆగలేదు. కడిగిందే మళ్ళీ కడుగుతోంది. ఆ రోజే ఆమెని పట్టుకుని, పద అక్కా, మనిద్దరం పిల్లని తీసుకుని బస్సెక్కి ఇంటికి పోదాం అని ఉంటే బావుండేది. నేను తువ్వాలు తీసుకుని గిన్నెలు తుడిచాను.

ఈ వసంతంలో నేనూ నారే బస్సులో సముద్రానికి వెళ్ళాం. ఇద్దరమే. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే పిల్లకి టిక్కెట్టు అక్కర్లేదన్నారు. నేను రెండు సీట్లు కొన్నాను. "ఇది నాదేనా?" అని ఆ సీటు అంచు మీదే కూర్చుంది నారే చాలాసేపు. బస్సు కదిలేముందు డ్రైవరు తలలు లెక్కపెడుతూ వస్తుంటే కిందికి జారబోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని పైకెత్తాను.

జులైలో మా ఆయనతో చెప్పాను, ఇక ఆ గదికి నేనూ నా కూతురూ రామని. గొడవ అవుతుందనుకున్నాను. అవలేదు. "అయితే చిన్న గది సరిపోతుంది. అమ్మ, అన్నయ్య, నేను. ముగ్గురిది తీసుకుంటే ఇంకా కలిసొస్తుంది," అన్నాడు.

నేను అక్క దగ్గరికి వెళ్ళి బతిమాలాను. ఆమె క్యాబేజీకి ఉప్పు పట్టిస్తూ కూర్చుంది. నేను వెళ్ళకపోతే అత్తయ్యకి అన్నం ఎవరు వండుతారు, మూడు రోజులే కదా అంది. ఈసారి కారులో నారే తోడు ఉండదని నేనంటే, "మంచిదే. అలమరలో కాళ్ళు చాపుకోవచ్చు," అని నవ్వింది. ఈమధ్య ఆమె మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గుండె మీద చెయ్యి వేసుకుంటోంది. ఎవరికీ చెప్పొద్దంది. సెలవులకి ముందు ఇంట్లో అలాంటి మాటలు ఎందుకంది.

నిన్న పొద్దున వాళ్ళు బయల్దేరారు. సాయంత్రం నుంచీ నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. అక్క తియ్యడం లేదు. అక్కడ ఫోన్ మోగకుండా పెట్టుకుంటుంది, అలమరలో ఉన్నప్పుడు మోగుతుందని. మా ఆయనకి చేస్తే, ఒడ్డు మీద ఉన్నాం, వదిన గదిలో ఉంది, బానే ఉంటుంది అన్నాడు. బానే ఉంటుంది అన్నాడు గానీ, బానే ఉంది అనలేదు.

ఈ వారంలో మీరెవరైనా ఆ తీరానికి వెళ్తే, నీలం రంగు కప్పున్న కాండో, మూడో అంతస్తు, మెట్ల పక్క చివరి గది, మా ఆయన చెప్పాడు. పొయ్యి పైన ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. తలుపు కొడితే అక్క పలకదు. కాండో మనుషులం కాదని చెప్పండి. నారే వాళ్ళమ్మ పంపిందని చెప్పండి. ఆమె పేరు కుమ్హీ, పేరు పెట్టి పిలవండి. అన్నం తిన్నావా అని అడగండి. తలుపు తీసేదాకా వెళ్ళిపోకండి.