పరలోకం బ్రాంచి అమ్మకాలు

ఏళ్లుగా నన్ను తొలుస్తున్న సందేహం ఒకటుంది. మనం పంపింది అవతలివాళ్లు చదువుతారా? దేవుడి విషయంలో ఈ సందేహం పెద్దగా రాలేదు. ఎప్పుడైనా వచ్చినా, పొద్దున్నే దండం పెట్టుకుంటూ ఆ మాట అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను. నా బాధంతా సోమవారం రిపోర్టు గురించి.

మాది పరుపులు, దిండ్లు తయారుచేసే కంపెనీ. ఏ బ్రాంచిలో ఎన్ని అమ్ముడుపోయాయో ప్రతి సోమవారం లెక్కలు కూర్చి, లావుపాటి కాగితాల కట్టలు పైవాళ్ల బల్లల మీద పెట్టడం నా పని. మా ఆవిడకి కుట్టుకొట్టు ఉంది. దానికి సెలవు సోమవారం. నాకు సెలవు ఆదివారం, ఆమెకేమో ఆ రోజే గిరాకీ. పార్కులో కొలను ఉంది, తొక్కుడు పడవ ఎక్కిస్తానని పెళ్లయిన కొత్తలో మాటిచ్చాను. "వచ్చే సోమవారం" అంటూ ఉండగానే పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. ఒకసారి విసుగొచ్చి తనొక్కతే ఎక్కింది. పడవ ఒక పక్కకి ఒరిగి గిరగిరా తిరిగిందట.

"మీరు పక్కన లేకపోతే నా సంసారం ఎటు పోతుందో కళ్లారా చూశానండీ" అంది తడి చీర పిండుకుంటూ.

అందుకే కాగితాలు మానేసి కంప్యూటర్లో డాష్‌బోర్డు తయారుచేసి చూపించమని పైవాళ్లు అన్నప్పుడు ఎగిరి గంతేశాను. లెక్కలు వాటంతటవే వచ్చి తెర మీద కూర్చుంటాయి, సోమవారం నేను సెలవు పెట్టుకోవచ్చు. కాకపోతే మేడం, అంటే మా యజమానురాలు, ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మళ్లీ కాగితాలే, మళ్లీ "వచ్చే సోమవారమే".

చూపించాల్సిన రోజు రానే వచ్చింది. మీటింగు గదిలో తెర మీద బ్రాంచికో రంగు పట్టీ వెలిగింది. అకౌంట్సు పెద్దాయన తన కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని మరీ కూర్చున్నారు.

"ఏం నాయనా, కరెంటు పోతే నీ లెక్కలకి కొవ్వొత్తి చూపించాలా?"

మేడం మాత్రం కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వెళ్లారు. "అబ్బో! ఈ పొడుగు పట్టీ ఎవరిదయ్యా? అందరికంటే మూడింతలు అమ్మారు! పరలోకం బ్రాంచా? ఇదెప్పుడు తెరిచాం?"

తెర వైపు చూసి నాలిక్కరుచుకున్నాను. లెక్కలు సరిగ్గా కూడుతున్నాయో లేదో చూడటానికి ఉత్తుత్తి బ్రాంచి ఒకటి పెట్టుకోవడం మా పనిలో మామూలే. పని కాగానే తీసెయ్యాలి. అది పెట్టిన రోజు దేవుడికి దండం పెట్టుకుని వచ్చానేమో, పరలోకం అన్న పేరు చప్పున తట్టింది. తీసెయ్యడం తట్టలేదు.

"ఆ మేనేజరుకి ఫోన్ కలుపు, నేనే మెచ్చుకుంటా."

"కలపడం కష్టం మేడం."

"ఏం, సిగ్నల్ ఉండదా?"

"ఉంటుందనే నా నమ్మకం మేడం. పొద్దున కూడా మాట్లాడాను. అటునుంచి జవాబే..."

మేడం మొహం చూసి ఇక ఆగలేకపోయాను. "అది నేను పరీక్ష కోసం పెట్టిన ఉత్తుత్తి బ్రాంచి మేడం. తీసెయ్యడం మర్చిపోయాను."

నా సోమవారాలన్నీ కళ్ల ముందు మునిగిపోతున్నాయి.

"మేడం, నన్ను మాత్రం ఆ బ్రాంచికి బదిలీ చెయ్యకండి. ఇంకా టైముంది" అన్నారు పెద్దాయన.

"అసలక్కడ అన్ని దిండ్లు ఎవరు కొన్నారయ్యా?"

"అందరూ పడుకునే ఉంటారు కదండీ!" అనేశాను నేను.

మేడం పగలబడి నవ్వారు. కుర్చీ పట్టుకుని నవ్వారు. పెద్దాయన ఒళ్లో కట్ట జారి కాగితాలు గదంతా పరుచుకున్నాయి. అవి ఏరుతూ నేనూ నవ్వాను, భయంతో కొంత.

"ఇదే బ్రాంచి ఈ కాగితాల్లో ఉండుంటే నాకు తెలిసేదా?" అన్నారు మేడం కళ్లు తుడుచుకుంటూ.

"చదివితే తెలిసేది మేడం."

"అదేగా! ఒక్కనాడూ చదవలేదు. మరి మీరు?"

"బరువుగా ఉంటే అన్నీ ఉన్నట్టే అనుకునేవాణ్ణి" అన్నారు పెద్దాయన నేల చూపులు చూస్తూ.

"ఇక్కడ నిలబడగానే తప్పు పట్టేశాను చూడండి! ఆ బ్రాంచి ఎత్తేసి, మిగతావి సరిచూసి ఇదే నడుపు. ఇక కాగితాలు వద్దు."

నా శ్రమంతా ఎవరూ చదవలేదని తెలిస్తే మనిషన్నవాడికి ఏడుపు రావాలి. నేను మెట్లు రెండేసి చొప్పున దిగాను.

ఆ వచ్చిన సోమవారం ఇద్దరం పడవలో కూర్చున్నాం.

"ఏమండీ, వెనక్కి తొక్కుతున్నారు."

"నేను ముందుకే తొక్కుతున్నా. కొలనే వెనక్కి పోతోంది."

ఆమె నవ్వుకి పడవ ఊగింది. కాసేపటికి మా కాళ్లు కలిశాయి. పడవ తిన్నగా అవతలి ఒడ్డుకి చేరింది.

"మాట బాకీ తీరినట్టేనా?" అన్నాను ఆయాసపడుతూ.

"తీరిందండీ" అంది, నా భుజం పట్టుకుని దిగుతూ.